బొట్టు పెట్టి పిలిచిన ట్రైనింగు

రాజలింగుకు మనుషులంటే ఇష్టమే. వాళ్లు వరుసలో నిలబడితే మరింత ఇష్టం. బోధన్ రాకాసిపేటలో ఆయనను ఎరిగినవాళ్లెవరూ ఈ మాట కాదనరు. పెళ్లి భోజనాల్లో బంతి వంకరగా కూర్చుందని తన విస్తరి వదిలి లేచి సర్దివచ్చే మనిషి. ఇంటి గడప ముందు చెప్పులు కూడా పెద్దవీ చిన్నవీ వరుసగా ఉండాలంటాడు. భార్య తిరుపతమ్మ మాత్రం తన చెప్పులు ఎక్కడ జారితే అక్కడ వదిలి, అరుగు మీద బీడీల చాట ముందు కూర్చుంటుంది.

ఆ అలవాటు ఆయనకు పుట్టుకతో రాలేదు, చెరుకుతో వచ్చింది. ఇరవై రెండేళ్లు చక్కెర ఫ్యాక్టరీలో ఫీల్డ్‌మన్‌గా పనిచేశాడు. నిజాంసాగర్ కాలువ కింద ఏ ఊళ్లో ఎవరికి ఎన్ని ఎకరాల చెరుకు ఉంది, అది కొత్తగా నాటిన మొక్కతోటా లేక నరికిన మొదళ్ల నుంచి మళ్లీ పిలకలేసిన కార్శితోటా, ఏ వారానికి పక్వానికొస్తుంది, అంతా ఆయన వేళ్ల మీద ఉండేది. మోపెడ్ మీద పోయి, నరకాల్సిన తేదీ వేసిన పర్మిట్ చీటీ రైతు చేతిలో పెట్టేవాడు. ఆ చీటీ కోసం పెద్ద పెద్ద పటేళ్లు కూడా వాకిట్లో మంచం వాల్చి, "రాజలింగు సారొచ్చిండు, చాయ్ పెట్టుండ్రి" అని కేకేసేవాళ్లు.

తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది. చెరుకు పోయిన మళ్లలోకి వరి వచ్చింది. వరికి పర్మిట్ ఎందుకు? మంచం వాల్చేవాళ్లు లేకపోయారు. "సారు" కాస్తా "అన్న" దగ్గరికి, అక్కడి నుంచి "ఓ రాజలింగు" దగ్గరికి దిగింది. పదేళ్లుగా ఆయనను ఫలానా పనికి నువ్వే కావాలని ఎవరూ పిలవలేదు. ఈ మాట ఆయన ఎవరితోనూ అనలేదు. కానీ ఇంటి ముందు బండి ఆగిన చప్పుడైతే చాలు, పేపర్ లోంచి తల ఎత్తి చూసేవాడు.

అలాంటి మనిషికి పార్టీ దొరికింది. ఏ పార్టీ అని అడగకండి. ఏ పార్టీ కండువా అయినా నాలుగు ఉతుకులకు వెలిసేదే. మున్సిపాలిటీ ఎన్నికలు దగ్గరపడుతున్నాయి, వార్డులో కార్యకర్తలకు తర్ఫీదు ఇచ్చేవాళ్లు కావాలి అన్నారు. రాజలింగు చేయెత్తాడు. జిల్లా అధ్యక్షుడు దశరథం నిజామాబాద్ నుంచి ఫోన్ చేసి, "ఇప్పటికైతే తాత్కాలికంగ నువ్వే సూసుకో. పనిని బట్టి ఖాయం చేద్దాం" అన్నాడు. ఆ మాటల్లో "తాత్కాలికంగ" అన్నదొక్కటి తప్ప మిగతావన్నీ రాజలింగు చెవిన పడ్డాయి. మర్నాడే నిజామాబాద్ బస్సెక్కి పోయి ఐదు వందల విజిటింగ్ కార్డులు అచ్చు వేయించుకొచ్చాడు. "రాజలింగు, కార్యకర్తల శిక్షణ ఇన్‌చార్జి" అని బంగారు రంగు అక్షరాలు.

తిరుపతమ్మ ఒక కార్డు తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "మంచిగ మందంగున్నది. చాటల తంబాకు ఎత్తెటందుకు అక్కరకొస్తది" అంది.

వార్డులో పార్టీకి దొరికిన కార్యకర్తలు అరవై ముగ్గురు. వాళ్లలో రెండే రకాలు. బీడీలు చుట్టే ఆడవాళ్లు ఒక రకం, ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్లలో చెరుకు పండించి ఇప్పుడు పొలం కౌలుకిచ్చి బోధన్‌లో ఉంటున్న పెద్దమనుషులు ఇంకో రకం. రాజలింగు మాత్రం వాళ్లను తన పద్ధతిలో విడదీశాడు. పాతవాళ్లు కార్శితోట, కొత్తవాళ్లు మొక్కతోట. కార్శికి కాస్త నీళ్లు తక్కువైనా నడుస్తుంది గానీ మొక్కతోటకు ఎరువు పడాలని ఆయన సిద్ధాంతం. ఎరువంటే ఆయన గొంతే.

"బూత్ వీరులు" అని వాట్సాప్ గ్రూపు పెట్టాడు. పొద్దున ఆరు గంటలకు వీరుల ఫోన్లలోకి ఆయన గొంతు వచ్చిపడేది. మొత్తం పదిహేడు నియమాలు తయారుచేశాడు. ఓటరు ఇంటికి అన్నాల వేళ పోరాదనేది మొదటి నియమం. ఇంట్లో పెద్దవాళ్లను ముందు పలకరించాలనేది నాలుగో నియమం. ఎదుటి పార్టీని తిట్టరాదనేది తొమ్మిదోది. ముందు వాళ్లు చెప్పేది వినాలి, తర్వాతే మనం మాట్లాడాలనేది పదకొండోది. వినడం గురించిన ఆ పదకొండో నియమాన్ని ఆయన పద్నాలుగు నిమిషాలు చెప్పాడు.

ప్రతి నియమానికీ గ్రూపులో బొటనవేళ్లు లేచేవి. పసుపురంగువి, గోధుమరంగువి, గాజులున్నవి కూడా. "వచ్చే ఆదివారం పదింటికి ఫంక్షన్ హాలులో ట్రైనింగ్ క్యాంపు" అని పెట్టిన రోజైతే ఒక గంటలోనే గ్రూపంతా బొటనవేళ్లమయం అయింది. రాజలింగు దాన్ని ఫొటో తీసి దశరథానికి పంపాడు. "అరే, మస్తు పట్టున్నది నీకు. నేను సుత వస్త" అని దశరథం జవాబిచ్చాడు.

చెరుకు రైతులు ఫోను సరిగా చూడరని రాజలింగుకు తెలుసు. వాళ్ల కోసం విడిగా చీటీలు అచ్చు వేయించాడు. పేరు, వార్డు, తేదీ, సమయం, కింద సంతకం. అచ్చం పాత పర్మిట్ చీటీ లాగానే. అచ్చన్‌పల్లి నుంచి వచ్చి స్థిరపడిన ఆత్మారాం ఆ చీటీని రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నాడు. "ఎన్నేండ్లాయె సారూ, గీ చీటీ సూడక!" అన్నాడు. ఆ "సారూ"తో రాజలింగు రెండు రోజులు కడుపు నిండి తిరిగాడు.

ఆదివారం వచ్చింది. అరవై మందికి బగారా అన్నం, వంకాయ కూర వండించాడు. కుర్చీలు ఆరు వరుసలు, వరుసకు పది, దారం కట్టి సర్దించాడు. పదింటికి దశరథం కారు దిగాడు. పదకొండు అయ్యేసరికి హాల్లో ఆయన కాక నలుగురున్నారు. ఒకరు రాజలింగు. ఒకరు పార్టీ ఫేస్‌బుక్ పని చూసే భానుప్రసాద్, లాప్‌టాప్‌తో నిజామాబాద్ నుంచి అధ్యక్షుడి వెంట వచ్చిన కుర్రవాడు. ఒకాయన మాఘమాసంలో హాలు ఖాళీ ఉందా అని కనుక్కోవడానికొచ్చాడు. నాలుగో ఆయన వంటమనిషి.

దశరథం ఖాళీ కుర్చీల వంక, తర్వాత తన ఫోన్ వంక చూశాడు. "గన్ని బొటనేళ్లు యాడవాయె రాజలింగూ?" అన్నాడు.

రాజలింగు దారం తప్పిన ఒక కుర్చీని వరుసలోకి జరిపాడు.

"సూడు, నిన్ను తక్కువ చేస్తలేను. వచ్చే ఆదివారం మల్లొస్త. యాభై మంది కూసోని కనపడాలె. లేకుంటే ఇన్‌చార్జి భానుప్రసాద్‌కు ఇస్త. నువ్వు పెద్దమనిషివైతివి, ఇంట్ల రెస్టు తీసుకుందువు."

తిట్టినా బాగుండేది. ఫ్యాక్టరీ మూతపడ్డ రోజు కూడా ఆఫీసులో ఇదే మాట అన్నారు. పదేళ్లుగా తీసుకుంటున్న రెస్టు ఇంకా ఎంత తీసుకోవాలి?

బగారా అన్నం గంజులు ఆటోలో వేసుకుని ఇంటికొచ్చాడు. అరుగు మీద తిరుపతమ్మ, పక్కింటి రోజా, వాడకంతటికీ పెద్దది ఈరవ్వ, ఇంకో ఏడెనిమిది మంది చాటలు ముందేసుకుని బీడీలు చుడుతున్నారు. వాళ్లందరూ బూత్ వీరులే. అన్నం చూడగానే చేతులు కడుక్కొచ్చారు. తిన్నారు.

"మంచిగైంది అన్నా. ఎవలింట్ల దావత్?" అంది రోజా.

రాజలింగుకు ఒళ్లు మండింది. "మీ దావతే! పదింటికి ట్రైనింగుకొచ్చి తినాల్సిన దావత్! గ్రూపుల బొటనేలు పెట్టినవా లేదా?"

"పెట్టిన."

"మరి?"

"సూసిన అని పెట్టిన అన్నా. నువ్వు రోజు గొంతు వోయేటట్టు చెప్తుంటివి. ఏం పెట్టకపోతే మనసుకు తీసుకుంటవని పెట్టిన" అంది రోజా, నిజంగానే జాలిగా.

ఈరవ్వ వంకాయ ముచ్చిక చీకి పక్కన పెట్టింది. డెబ్బై ఏళ్ల ముసలమ్మ. మాట్లాడితే బీడీకి తునికాకు కత్తిరించినట్టు ఉంటుంది. "మమ్ముల ఎవలు పిలిసిండ్రు బిడ్డా?"

"ఫోన్ల పిలిసిన గదవ్వా!"

"ఫోన్ల పిలిస్తివి, ఫోన్ల వస్తిమి" అంది ఈరవ్వ. మళ్లీ చాట ముందుకు జరుపుకుంది.

ఆడవాళ్ల సంగతి అలా ఉంటే, మగవాళ్ల సంగతి బుధవారం తేలింది. మధ్యాహ్నం మూడింటికి ఆత్మారాం, ఇంకో పదిమంది పెద్దమనుషులు తెల్లబట్టలు కట్టుకుని, పాన్ నములుతూ రాజలింగు ఇంటికొచ్చారు.

"ట్రైనింగు మస్తుగున్నది సారూ. పోతపోత నీకు ఒక మాట చెప్పి పోదామని వచ్చినం. మటన్ల జర ఉప్పెక్కువైంది, గంతే" అన్నాడు ఆత్మారాం.

"ట్రైనింగు ఆదివారం గదనే! ఇయ్యాల బుధారం!"

"గదే గద సారూ. చీటీల ఆదివారం అంటే బుధారమే గద." ఆత్మారాం ఈ మాట చిన్నపిల్లవాడికి చెప్పినట్టు ఓపికగా చెప్పాడు. "నీ పర్మిట్ తేదీకి చెరుకు కొడితె లారీ ఎన్నడన్న వచ్చెనా? మూడొద్దులు చెరుకు గట్టు మీద ఎండుతుండె. మొదటేడు దెబ్బతిన్నం. రెండో ఏటి సంది మూడొద్దులు కలుపుకోని కొట్టినం. ఇరువై ఏండ్లు గట్లనే ఎల్లింది."

బుధవారం నాడు అదే హాల్లో ఎవరిదో పెళ్లి. పదకొండు మంది చక్కగా లోపలికి పోయారు. గేటు దగ్గర పన్నీరు చల్లించుకున్నారు. బంతిలో కూర్చుని తిన్నారు. పార్టీ ఈసారి ఖర్చుకు వెనకాడలేదని మెచ్చుకున్నారు. అక్షింతలు కూడా వేసి వచ్చారు.

"స్టేజీ మీద పెండ్లిపిల్లను సూసినంక గూడ మీకు అనుమానం రాలేదా?" అన్నాడు రాజలింగు నెత్తి పట్టుకుని.

"వార్డు లేడీసుకు రిజర్వయింది గద సారూ. క్యాండిడేటు అనుకున్నం."

వాళ్లను గల్లీ మలుపు దాకా సాగనంపాడు రాజలింగు. ఆడవాళ్లు రాలేదంటే ఫోను మీద నెట్టేయొచ్చు. ఇది అలా కాదు. ఆ చీటీల మీద తేదీ వేసింది తనే. ఆ చీటీ కోసమే మంచాలు వాల్చారని, చాయ్‌లు పోశారని ఇన్నేళ్లూ గుండెలో దాచుకున్నాడు. చాయ్ పోసిన ఏ ఒక్కరూ ఆ తేదీని నమ్మలేదు. మర్యాదగా అందుకుని, మర్యాదగా మూడు రోజులు కలుపుకున్నారు. ఆ బాధ ఎవరికి చెప్పుకుంటాడు?

ఇంట్లోకి వచ్చి, అటక మీది నుంచి విజిటింగ్ కార్డుల డబ్బా తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. తిరుపతమ్మ అరుగు మీంచి లేచి వచ్చి చూసింది. ఆయన అన్నం మానేసినా ఆమె పట్టించుకునేది కాదు, ఆకలేస్తే తనే తింటాడనుకునేది. కానీ గడప ముందు ఆయన చెప్పులు ఒకటి తూర్పుకు, ఒకటి పడమరకు పడి ఉన్నాయి. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆమె అలాంటిది చూడలేదు. అది చూసి ఆమెకు భయమేసింది.

చాట మీద బట్ట కప్పి, చేతికంటిన తంబాకు కడుక్కుని, దేవుడి అలమరలోంచి కుంకుమ బరిణె తీసింది.

"యాడికే?"

"నీ బూత్ వీరులను పిలువ పోతున్న."

"బొట్టు పెట్టా? ఇది పార్టీ కార్యక్రమమే! పెండ్లి గాదు!"

"పిలువని పెండ్లికే పోయి తినొచ్చిండ్రు. పిలిస్తె రారా?" అని తిరుపతమ్మ ఈరవ్వను వెంటేసుకుని బయల్దేరింది.

గురు, శుక్రవారాల సాయంత్రాలు రెండూ తిరిగింది. గడప దగ్గర ఆగి పిలవడం, ఇంట్లో పెద్దామెకు ముందు బొట్టు పెట్టడం, తర్వాత కోడండ్లకు, బిడ్డలకు, ఉంటే మగవాళ్లకు. "ఆదివారం పది గొట్టంగ ఫంక్షన్ హాల్ల మా ఇంటాయన ట్రైనింగు. ఇంటిల్లిపాది రావాలె." తాళం వేసిన ఇంటికి తలుపుకే బొట్టు పెట్టింది. ముస్లింల ఇళ్లలో బొట్టుకు బదులు చేతిలో చిటికెడు చక్కెర పోసింది. బోధన్‌లో చక్కెరకు మించిన పిలుపు ఏముంది?

పిలుపంటే పోయి బొట్టు పెట్టి రావడం అనుకునేవాళ్లకు మన దిక్కు సంగతి తెలియదు. పిలవడానికి వచ్చిన మనిషి దొరికిందంటే పాత బాకీ మాటలన్నీ అప్పుడే బయటికొస్తాయి. రోజా బొట్టు పెట్టించుకుంటూనే, "నా బిడ్డను తొట్టెల ఏసిననాడు నువ్వు రాకపోతివి గదక్కా" అంది. "తప్పే బిడ్డా, అప్పుడు జరమొచ్చింది" అని తిరుపతమ్మ ఒప్పుకుంది. ఇంకో ఇంట్లో మోరీలోని మురుగు నీళ్లు ఇంట్లోకొస్తున్నాయని, ఇంకో ఇంట్లో ముసలాయన పింఛను ఆగిందని, వేరొక ఇంట్లో కోడలు మాట వినదని చెప్పారు. ఆమె అన్నీ నిలబడి విన్నది. కోడలి సంగతి అయితే రెండు వైపులా విన్నది.

రాజలింగు రానన్నాడు గానీ, రెండో రోజు ఓటర్ల లిస్టు పట్టుకుని పది అడుగులు వెనక నడిచాడు. ఏ ఇంటి గేటు లోపలికీ రావద్దని ఆమె ఆజ్ఞ. గేటు బయట నిలబడి పేరుకు ఎదురుగా టిక్కు పెట్టుకున్నాడు. "నెంబరు నలభై రెండు అయిందా?" అని అరిస్తే, "గప్పుడే అయితదా, ఇంక నీళ్లు సుత తాగలె!" అని లోపలి నుంచి జవాబొచ్చేది.

ఆదివారం తొమ్మిదిన్నరకే హాలు ముందు ఆటోలు ఆగడం మొదలైంది. అరవై ముగ్గురిని పిలిస్తే, ఇంటిల్లిపాదీ కలిసి నూట నలభై మంది వచ్చారు. ఆత్మారాం బృందం ఈసారి తేదీకి ఏమీ కలపలేదు. బొట్టుకు మూడు రోజులు కలపడం ఎవరి ఇంటా లేదు. అంతవరకూ బాగానే ఉంది. అయితే బొట్టు పెట్టి పిలిచిన చోటికి మన దిక్కు ఎవరూ వట్టి చేతులతో రారు. పట్టుచీరలు కట్టుకున్నారు. చేతుల్లో తువ్వాళ్లు, జాకెట్ ముక్కలు, స్టీలు గిన్నెలు. చివరగా వచ్చిన ఒకామె తిరుపతమ్మను చెవిలో అడిగింది, "ట్రైనింగంటే పిల్లదా, పిలగానిదా అక్కా?"

స్టేజీ మీద హాలువాళ్ల ఎర్ర మఖమల్ కుర్చీలు రెండే ఉన్నాయి, పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కూర్చునేవి. ఒకదాంట్లో దశరథం కూర్చున్నాడు. రెండో దాంట్లో భానుప్రసాద్ ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని, హాలు నిండిందన్న ఆశ్చర్యంతో కళ్లు మిటకరించి కూర్చున్నాడు. అంతే. జనానికి ఇక సందేహం ఎందుకు? ఈరవ్వ కర్ర పొడుచుకుంటూ స్టేజీ ఎక్కి, దశరథం నుదుటన బొట్టు పెట్టి, తల మీద అక్షింతలు వేసి, మెడలో తువ్వాల కప్పింది. "సల్లగుండు బిడ్డా" అంది. సన్మానం అనుకుని ఆయన చేతులు జోడించాడు. ఈరవ్వ వెనక ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. మొత్తం హాలు వరుస కట్టింది. రాజలింగు జీవితంలో అంత చక్కని వరుస చూడలేదు. పన్నెండో తువ్వాలకు అధ్యక్షుడి కళ్లద్దాలు మాత్రమే కనపడుతున్నాయి. పెళ్లికూతురి కుర్చీలో ఉన్నందుకు భానుప్రసాద్ ఒళ్లో జాకెట్ ముక్కలు పడుతున్నాయి. లాప్‌టాప్ ఎక్కడుందో అతనికే తెలియలేదు.

వరుస అయ్యాక రాజలింగు మైకు తీసుకున్నాడు. "మిత్రులారా, కార్యకర్తకు ఉండవలసిన నియమాలు పదిహేడు. మొదటి నియమం…" అని అందుకున్నాడు. మూడో నియమానికి హాల్లో ముచ్చట్లు మొదలయ్యాయి. ఐదో నియమానికి పిల్లలు కుర్చీల కింద పరుగులు. ఏడో నియమం దగ్గర రోజా లేచి నిలబడింది.

"అన్నా, కోపానికి రాకు. గవన్ని మాకు యాదికుండయి. రేపు మేం గల్లీలకు పోయి ఏం జెయ్యాలె, గదొక్కటి చెప్పు."

రాజలింగు కాగితం వంక చూశాడు. కాగితంలో ఆ సంగతి లేదు. పదిహేడు నియమాలున్నాయి గానీ, ఆ ఒక్కటీ లేదు.

మూడో వరుసలోంచి తిరుపతమ్మ గొంతు వినిపించింది. కూర్చున్నచోటి నుంచే, రోజూ అరుగు మీద మాట్లాడినట్టే మాట్లాడింది. "ఏమున్నదే రోజా! నేను మీ ఇంటికి ఎట్లొచ్చిన? గట్లనే పోవాలె. అన్నాల యాళ్లకు పోవద్దు, వాళ్లు తినలేరు, మనల పొమ్మనలేరు. గడప కాడ నిలవడి ముసలామెను ముంగట పలకరియ్యాలె. నీళ్లిస్తె తాగాలె. వాళ్ల ఇంట్ల బాధ చెప్తరు. చెప్పనియ్యాలె. మోరీ అంటరు, పింఛను అంటరు, యాదికి పెట్టుకోని వచ్చి మనోళ్లకు చెప్పాలె. పక్కింటోళ్ల పెండ్లిని ఎక్కిరిస్తె మన పెండ్లికి ఎవలొస్తరు? అవుతలి పార్టోళ్లను గూడ గట్లనే, తిట్టద్దు. మల్ల ఓటు నాడు పొద్దుగాల ఒక్కపారి పోయి, 'పోదాం పా అవ్వా' అని చెయ్యి పట్టి తీస్కపోవాలె. గంతే."

హాలంతా నిశ్శబ్దంగా విన్నది. రాజలింగు వేళ్లు మడిచి లెక్కపెడుతున్నాడు. ఒకటో నియమం, నాలుగో నియమం, పదకొండు, తొమ్మిది. పదిహేడూ వచ్చేశాయి. తను నెల రోజులు చెప్పినవన్నీ ఆమె మూడు నిమిషాల్లో చెప్పింది. చెప్పేముందు చేసి కూడా చూపించింది. ఆయనకు సిగ్గేసింది, గర్వమూ వేసింది. ఏది ముందు వచ్చిందో ఆయనే చెప్పలేడు. వెనక వరుసల్లోంచి "వినవస్తలేదు, మల్లొకపారి చెప్పక్కా" అని కేకలు వినిపించాయి. రాజలింగు మైకు పట్టుకుని స్టేజీ దిగాడు. మూడో వరుసలోకి పోయి భార్య నోటి దగ్గర పట్టుకున్నాడు. ఆమె మైకును చూసి బెదిరి తల పక్కకు తిప్పుకుంది.

"నన్ను సూడు, దాన్ని సూడకు. చెప్పు" అన్నాడు.

ఆమె ఆయనను చూస్తూ మళ్లీ మొదటినుంచీ చెప్పింది. ఆమె మాట్లాడినంతసేపూ ఆయన మైకు పట్టుకునే నిలబడ్డాడు.

దశరథం తువ్వాళ్లు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టి లేచాడు. ముప్ఫై ఏళ్లుగా రాజకీయాల్లో ఉన్న మనిషి, గాలి ఎటు వీస్తుందో తెలియనివాడు కాదు. "ఇంత మంచి ట్రైనింగు నేను జిల్లాల సూడలె. ఇయ్యాల్టి నుంచి వార్డు శిక్షణ ఇన్‌చార్జి తిరుపతమ్మక్క!" అన్నాడు. చప్పట్లు మోగాయి. ఈరవ్వ కర్రతో నేల కొట్టింది. రాజలింగూ చప్పట్లు కొట్టాడు, అందరికంటే కొంచెం ఆలస్యంగా.

"నువ్వు ఇంట్ల ఆమెకు జర ఆసరా ఉండు రాజలింగూ" అన్నాడు దశరథం కారెక్కుతూ.

పోస్టు భానుప్రసాద్‌కు పోలేదు, ఇంట్లోకే వచ్చింది. అంతకంటే ఏం కావాలి అని ఆయన తనకు తాను పదిసార్లు చెప్పుకున్నాడు. కార్డుల డబ్బాను మళ్లీ అటక మీద పెట్టేశాడు. నాలుగు వందల తొంభై ఎనిమిది మిగిలాయి. తిరుపతమ్మ దగ్గర ఒకటి తంబాకు ఎత్తడానికి పనికొస్తూనే ఉంది, ఇంకోటి ఆత్మారాం జేబులో ఉంది.

ఆ వారమంతా ఇంటికి మనుషులు వస్తూనే ఉన్నారు, అంతా ఆమె కోసమే. బొట్టు పెట్టి పిలిచినందుకు ఆమెకు పడ్డ శిక్ష కూడా చిన్నది కాదు. ఇప్పుడు అరవై మూడు ఇళ్ల తొట్టెలకూ, పుట్టెంట్రుకలకూ, కొత్త ఇళ్లల్లోకి పోయే దావత్‌లకూ ఆమె పోక తప్పదు. శనివారం రోజా వచ్చి, రేపు పదింటికి ఈ ఇంటి ముందే మీటింగని అందరికీ చెప్పేశానని తిరుపతమ్మతో అంది. అరుగు చివర కూర్చున్న రాజలింగు పేపర్ తిరగేశాడు. తనకు ఎవరూ చెప్పలేదు. తన అరుగు ముందు జరిగే మీటింగుకు తను పోవాలో లేదో ఆయనకు తెలియలేదు. అడగడానికి మనసు రాలేదు.

సాయంత్రం తిరుపతమ్మ చాట మీద బట్ట కప్పి లోపలికి పోయింది. కాసేపటికి ఉతికిన చీర కట్టుకుని, వెనక తలుపు నుంచి బయటికి పోయి, గల్లీ తిరిగి, ముందు వైపుకొచ్చింది. చెప్పులు విప్పింది. పెద్దవి చిన్నవి అని చూసుకుని, ఆయన చెప్పుల పక్కన వరుసలో పెట్టింది. గడప దగ్గర పరాయి మనిషిలా నిలబడింది. చేతిలో కుంకుమ బరిణె.

"ఓ సంజన బాపూ, ఇంట్లున్నవా?" సంజన వాళ్ల బిడ్డ, అత్తగారింట్లో ఉంటుంది. భర్తను తిరుపతమ్మ ఎప్పుడూ బిడ్డ పేరుతోనే పిలుస్తుంది.

ఆయన నీ ముందే ఉన్నా కదా అనబోయి, ఆమె ముఖం చూసి ఆగాడు. "ఉన్న" అన్నాడు.

ఆమె వంగి ఆయన నుదుటన బొట్టు పెట్టింది. "రేపు ఆదివారం పది గొట్టంగ మీటింగు. నువ్వు రావాలె. ఎవలెవలింట్ల మోరీ బాధ ఉన్నదో, ఎవలికి పింఛను రాలేదో, అన్నీ గల్లీ వరుసకు రాయాలె. గా వరుస పెట్టుడు నాకు రాదు. ఈ బోధన్ల నువ్వు తప్ప ఇంకెవలికి రాదు. నువ్వు రాకుంటే నాతోని గాదు."

రాజలింగు పేపర్ మడిచి పక్కన పెట్టాడు. పదేళ్లలో ఆ వాకిట్లోకి ఆయనను పిలవడానికి వచ్చిన మొదటి మనిషి ఆమే. కళ్లు తుడుచుకోవడానికి ఒక చేయి అక్కరకొచ్చింది, రెండో చేయి ఎత్తి బొటనవేలు చూపించాడు.

"బొటనేలు గాదు. నోరిడిసి చెప్పు" అంది తిరుపతమ్మ. "ఆదివారమే రావాలె, బుధారం గాదు."

"వస్త" అన్నాడు రాజలింగు. "ఆదివారమే వస్త."